నాలుగో నంబరు పచ్చిక

మా ఎర్రబయలు బీడులో దున్నపోతులు ఉచ్చ పోయరాదని ఉత్తరువు వచ్చింది. దాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అతికించారు. మా ఊరి దున్నపోతులకు చదువు అంతంతమాత్రం గనక, చదివి వినిపించే బాధ్యత వాటి యజమాని దూదేకుల ఫకీరప్ప మీద పెట్టారు. "సదరు పశువులకు ఈ విషయమును అర్థమగు రీతిలో తెలియజేసి, తెలియజేసినట్లు సంతకము చేయవలెను" అని అడుగున రాసి ఉంది. ఫకీరప్ప వాటి ముందు నిలబడి తనకిచ్చిన నకలు కాగితం పట్టుకున్నాడు. ఒకటి కాగితాన్ని వాసన చూసి మూలను కొరికింది. అర్థమైనట్టే అనుకుని ఫకీరప్ప సంతకం చేశాడు.

ఇంతదాకా ఎట్లా వచ్చిందో తెలియాలంటే ముందు బీడు సంగతి తెలియాలి. అది ఊరికి పడమట, రెండు గుట్టల నడుమ ఉన్న మేతభూమి. రాళ్లు, తంగేడు పొదలు, వాటి సందుల్లో గడ్డి. వానలు పడితే మూడు నెలలు పచ్చిక, ఆ తర్వాత మట్టి. ఫకీరప్ప బతుకు ఆ మూడు నెలల్లోనే ఉంది. పాడికి ఎనుములు, అంటే గేదెలు, పెట్టుకున్నవాళ్లకు మగదూడతో పనిలేదు. పాలివ్వని జాతి మీద లోకానికి పెద్ద గౌరవం ఉండదు. అట్లా ఎవరికీ అక్కరలేని బక్కదున్నలను ఎండాకాలంలో తెచ్చుకుని, వానాకాలమంతా బీడులో మేపి, కండ పట్టించి, దసరా దాటినాక పెద్ద సంతలో మాంసం వ్యాపారులకు అమ్ముతాడు. ఆయనా, పెండ్లాం మాబమ్మా ఏడాదంతా తినేది ఆ మూడు నెలల కండే. ఈసారి పన్నెండు దున్నలు ఉన్నాయి.

ఆ వానాకాలమే మా ఊరికి సమగ్ర పచ్చిక సమానాభివృద్ధి పథకం వచ్చింది. దానితోపాటు ప్రత్యేకాధికారి పతంజలిరావు గారు, ఆయన వెనక క్షేత్ర సహాయకురాలు నళిని అనే చిన్నమ్మాయి, వాళ్లిద్దరి వెనక ట్రాక్టరు నిండా యూరియా వచ్చాయి. పతంజలిరావు గారు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత చెదరకుండా ఉంటారు. మాట్లాడితే నోట్లోనుంచి జీవో వచ్చినట్టు ఉంటుంది.

"గ్రామస్థులారా! పచ్చదనంలో నెలకొన్న అసమానతలను నిర్మూలించడమే ఈ పథకం యొక్క మౌలిక లక్ష్యం. ఒక చోట పచ్చగా, మరొక చోట వెలవెలబోతూ ఉండే పచ్చిక ప్రజాస్వామ్య స్ఫూర్తికి విరుద్ధం" అని రచ్చబండ దగ్గర సెలవిచ్చారు.

పచ్చదనం ఎంతో కొలిచేందుకు ఆయన దగ్గర ఒక అట్టముక్క ఉంది. దాని మీద ఆరు రంగుల పట్టీలు. ఒకటో నంబరు మాగబోయే నిమ్మకాయ రంగు. ఆరో నంబరు నీడలో పెరిగిన కరివేపాకు రంగు. గడ్డిపోచను పట్టీ మీద ఆనించి చూస్తే దాని ఒంట్లో నత్రజని ఎంతో తెలిసిపోతుందట. బీడంతా నాలుగో నంబరు ఉండాలి. మూడున్నా తప్పే, అయిదున్నా తప్పే.

యూరియాను తప్పుపట్టరాదు. చల్లిన మూడోనాడే వాన పడింది. గడ్డి లేచింది. రాళ్లు కనపడకుండా లేచింది. మాబమ్మ గట్టు మీద నిలబడి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నేను ఈ ఊరికి కోడలై వచ్చినకాడినుంచి ఇంత కసువు సూడలా. ఆ పొడుగు సారు సల్లంగుండల్ల" అన్నది. కసువంటే మా సీమలో గడ్డి.

పొడుగు సారు కొన్నాళ్లు గొడ్లను లోపలికి రానివ్వలేదు. యూరియా చల్లిన గడ్డిని వెంటనే మేపరాదన్నారు. అది మంచిమాటే, అందరూ విన్నారు. తర్వాత ఒక మంచిరోజు చూసి, దారికి రిబ్బను కట్టి, కత్తిరించి, దున్నలను లోపలికి వదిలారు. అవి తల ఎత్తకుండా మేశాయి. అన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ బాగున్నప్పుడే ఆఫీసులు తనిఖీకి వస్తాయి.

నళిని అట్టముక్క పట్టుకుని బీడంతా తిరిగి, పతంజలిరావు గారి జీపు దగ్గరకు వచ్చి, "సర్, మచ్చలు" అన్నది.

"ఏం మచ్చలు?"

"గుండ్రంగా, దోసె అంత ఉన్నాయి సర్. చుట్టూ నాలుగో నంబరు, అక్కడ మాత్రం ఆరు. బీడంతా ఉన్నాయి."

ఆయన వెళ్లి చూశారు. మోకాళ్ల మీద కూర్చుని అట్ట ఆనించారు. ఆరే. లేచి, పంట్లాము దులుపుకొని, గొంతు తగ్గించి అన్నారు: "ఇది యాదృచ్ఛికం కాదు. ఎవరో ఎంపిక చేసిన స్థలాలలో అదనపు నత్రజనిని రహస్యంగా ప్రవేశపెడుతున్నారు."

నిఘా పెట్టారు. ఎవరినో నమ్మి అప్పగించే పని కాదని స్వయంగా దుర్భిణి పట్టుకుని జీపులో కూర్చున్నారు. ఎండ నెత్తికి ఎక్కే వేళకు నేరం కళ్ల ముందే జరిగింది. ఒక దున్న మేత ఆపింది. కాళ్లు కాస్త ఎడం చేసింది. తోక ఎత్తింది. ఆ తర్వాత చాలాసేపు పతంజలిరావు గారు దుర్భిణి దించలేదు.

"చూశారా నళినీ?"

"చూశాను సర్."

"ఎంత నిర్భయంగా!"

నమూనా సేకరించమన్నారు. నళిని ఎమ్మెస్సీ చదివింది. మగ్గు పట్టుకుని దున్న వెనక పొద్దంతా తిరిగింది. ఆ పిల్ల అవస్థ చూసి మాబమ్మే మగ్గు తీసుకుని నింపి ఇచ్చింది. పట్నం ప్రయోగశాల దాన్ని పరీక్షించి, అందులో నత్రజని ఉన్నదని, అదీ యూరియా రూపంలోనే ఉన్నదని తేల్చింది. పథకం వాళ్లు తమ గోదాములో సంచులు లెక్క పెట్టుకున్నారు. ఏదీ తగ్గలేదు. అంటే దున్నపోతులు సొంతంగానే తయారు చేస్తున్నాయన్నమాట. అనుమతి లేకుండా.

ఫకీరప్పను ఆఫీసుకు పిలిపించారు. ఫకీరప్ప మాట పొదుపు మనిషి, అందుకే మాబమ్మ కూడా వచ్చింది.

"మీ పశువులు నత్రజనిని వితరణ చేయడాన్ని మేము ఆక్షేపించడం లేదు. అసమానంగా వితరణ చేయడాన్నే ఆక్షేపిస్తున్నాము. ఒక చోట అపరిమితంగా, పక్కనే ఏమాత్రమూ లేకుండా. దీన్ని పక్షపాతం అంటారు" అన్నారు పతంజలిరావు గారు.

"గొడ్డుకు పక్షపాతం ఏంటిది సారూ? దానికి యాడ వస్తే ఆడ పోస్తాది" అన్నది మాబమ్మ.

"అదే. ముందస్తు ప్రణాళిక లేకపోవడం."

"మేసినకాడే ఇడుస్తాండాయి గదా. మీ కసువు మీకే ఇచ్చినట్ల. ఇంటికి మోసకపోతాంటే అడగండి, బాగుంటాది."

"అమ్మా, మీరు విషయాన్ని భావోద్వేగంతో చూస్తున్నారు."

"నేను యాడ సూసినా? దుర్భిణి ఎత్తుకోని సూసింది మీరు గదా" అన్నది మాబమ్మ.

నళిని కిటికీలోంచి గుట్టను చూడటం మొదలుపెట్టింది. మర్నాడు గోడకు ఉత్తరువు అంటింది.

ఉత్తరువు ఇస్తే చాలదు, అమలు కావాలి. అందుకు పచ్చిక మిత్రలు అనే ఉద్యోగాలు పుట్టాయి. ఊళ్లో ఖాళీగా ఉన్న పిల్లగాళ్లను ఆరుగురిని తీసుకుని, తలా ఒక ఖాకీ చొక్కా, మెడలో ఒక ఈల ఇచ్చారు. వాళ్లకు పెద్ద సుంకన్న. పదో తరగతి మూడుసార్లు రాసినవాడు, అనుభవం ఉన్నవాడని. పశువు తోక ఎత్తే సూచన కనపడగానే పచ్చిక మిత్ర హెచ్చరికగా ఈల ఊదాలి. పశువు సిగ్గుపడి ఊరుకుంటుంది. పథకం లెక్క ఇది.

మా సీమలో గొడ్లను సాకేవాళ్లకు ఒక అలవాటు ఉంది. పొద్దుగూకి గొడ్లను కొట్టంలో కట్టేసే ముందు వాకిట్లో నిలబెట్టి, సన్నగా ఈల వేస్తారు. చంటిపిల్లలకు "స్స్" అన్నట్టు. గొడ్డు అక్కడే కానిచ్చేసి లోపలికి పోతుంది, కొట్టం పొడిగా ఉంటుంది. దుక్కిలో ఎద్దులకూ అంతే. కాడి ఆపి ఈల వేస్తే చాలు. ఫకీరప్ప తెచ్చిన దున్నలకు ముందు నేర్పే విద్య అదే. వారం తిరిగేసరికి అవి ఈల వినపడితే ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, పెద్దల మాట విన్నట్టు వింటాయి.

మొదటిరోజు పొద్దున ఒక దున్న ఈగ వాలిందని తోక విదిలించింది. సుంకన్న బలమంతా పెట్టి ఈల ఊదాడు.

పన్నెండూ ఒక్కసారిగా నిలబడ్డాయి. పన్నెండూ పోశాయి.

మిగిలిన అయిదుగురు అది చూసి కంగారుపడి తామూ ఊదారు. దున్నలు ఇంకా ఏమన్నా మిగిలి ఉన్నదేమోనని మనస్ఫూర్తిగా ప్రయత్నించాయి.

"హెచ్చరిక అందిన మరుక్షణమే ఉల్లంఘన! ఇది అవగాహనాలోపం కాదు. ఇది ధిక్కారం" అన్నారు పతంజలిరావు గారు.

ఎప్పుడూ మాట్లాడని ఫకీరప్ప ఆ రోజు ఆయనకు అడ్డంపోయి మాట్లాడాడు. "సారూ, ఈల ఊదితేనే పోస్తాయి. అది వాటికి అలవాటు. ఊదకుంటే ఇంత పొయ్యవు."

"చూడు ఫకీరప్పా. ఈల నిరోధక సాధనమని మార్గదర్శకాలలో స్పష్టంగా పేర్కొనబడింది. ప్రేరకసాధనమని ఎక్కడా లేదు. మార్గదర్శకాలు చదివావా?"

"లేదు సారూ."

"మరి?"

ఫకీరప్ప దున్నల దగ్గరకు నడిచాడు.

ఆరుగురు చాలలేదని పన్నెండుమందిని చేశారు, దున్నకు ఒకరు చొప్పున. ఈలలు పెరిగాయి, మచ్చలు పెరిగాయి. మచ్చలు పెరిగాయని ఈలలు ఇంకా పెరిగాయి. పొద్దున లేస్తే బీడు నుంచి రైలు స్టేషను మాదిరి ఒకటే మోత. ఊరంతా విన్నది. ఈల వేస్తే గొడ్డు ఏం చేస్తుందో ఊళ్లో పాకే పిల్లలకు కూడా తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. వానాకాలంలో ఖాకీ చొక్కా వేసుకుని ఈల ఊదే ఉద్యోగం ఊళ్లో ఇంటికొకటి వచ్చింది మరి. ఏ ఇంట్లో మగపిల్లాడు మిగల్లేదో ఆ ఇంట్లో కోడలికి ఇచ్చారు.

మాబమ్మ ఒకనాడు సుంకన్నను బావి దగ్గర పట్టుకుంది. వాడు ఆమెను వరసకు అత్తా అంటాడు.

"ఏమిరా అల్లుడా, నీకు తెల్దా? మీ నాయన ఎద్దులకు ఈల ఎయ్యలేదా?"

"తెలుసత్తా."

"తెలిసీ ఊదుతాండావా?"

"ఊదకుంటే తీసేస్తారు గదత్తా. అయినా నేను గట్టిగా ఊదను. నీ మీద గౌరవంతో మెల్లగా ఊదుతా."

"మెల్లగా ఊదితే ఇంగా బాగా పోస్తాయి గదరా!"

సుంకన్న తల గోక్కున్నాడు. "సరే, గట్టిగానే ఊదుతాలే" అన్నాడు.

చివరకు పశువులలో మార్పు రావడం లేదని, అవి బుద్ధిపూర్వకంగా పథకాన్ని నీరుగారుస్తున్నాయని నివేదిక పోయింది. బీడు చుట్టూ కంపకంచె వేశారు. నిషేధిత ప్రాంతమని బోర్డు పెట్టారు. దున్నలు బయట, గడ్డి లోపల. పచ్చిక మిత్రలు మాత్రం కంచె లోపలే ఉన్నారు, ఈసారి గొర్రెంక పిట్టల మీద ఊదుతూ.

మాబమ్మ కొడవలి పట్టుకుని రోడ్డుపక్క, కాలవ గట్టున, ఎక్కడ గుప్పెడు గడ్డి కనపడితే అక్కడ కోసి మోసుకొచ్చేది. పన్నెండు నోళ్లకు అది ఏ మూల? సగం పెరిగిన కండ కరగసాగింది. పక్కటెముకలు ఒక్కొక్కటే బయటికి వచ్చి లోకాన్ని చూడసాగాయి. దసరా దగ్గరపడుతోంది. సంతలో వ్యాపారి దున్న నడుము మీద చెయ్యి వేసి, ఎముక తగిలితే మాట్లాడకుండా పక్కదానికి పోతాడు. ఈసారి అన్నిటినీ దాటుకుంటూ పోతాడని ఫకీరప్పకు తెలుసు. ఆయన కొట్టం గడప మీద కూర్చుని, దున్నల వైపు చూడకుండా, కట్టుతాడు పేనుతూ ఉండేవాడు. పేనిన తాడునే మళ్లీ విప్పి పేనేవాడు.

"ఎంతసేపు పేనుతావయ్యా? అది నీ మెడకా, వాటి మెడకా?" అనేది మాబమ్మ. నవ్వేది కాదు.

కంచె లోపల పచ్చిక సుఖంగా ఉంది. మేసేవాళ్లు లేక నడుమెత్తు పెరిగింది. పెరిగి ముదిరింది. ముదిరి వెన్ను వేసింది. వెన్ను వేసిన గడ్డి కింది నుంచి రంగు మారసాగింది. నళిని అట్ట పెట్టి చూస్తే రెండు.

"నత్రజని లోపం" అన్నారు పతంజలిరావు గారు. ఇంకో ట్రాక్టరు యూరియా చల్లించారు. గడ్డి ఇంకా పెరిగి, తన బరువుకు తానే పక్కకు పడుకుంది. పడుకున్నది లోపల మాగింది. ఈసారి ఒకటి.

"సర్, ముదిరితే రంగు పోతుంది. పొట్టిగా ఉంటేనే లేత చిగురు వస్తుంది. లేత చిగురే నాలుగో నంబరు" అన్నది నళిని, నేల చూపులు చూస్తూ.

"అయితే పొట్టిగా ఉంచండి."

పట్నం నుంచి గడ్డికోత మిషను వచ్చింది. మొదటి గంటలో మా బీడు రాళ్లు దాని పళ్లన్నీ ఊడగొట్టాయి. రెండోది వచ్చింది. అది గుట్టవారగా ఎక్కబోయి వెల్లకిలా పడింది. పైనుంచి పెద్ద తనిఖీ ఆ నెలాఖరుకే ఉంది. పతంజలిరావు గారి ఇస్త్రీ మడత మొదటిసారి చెదిరింది. టెండరు పిలిచారు. నిబంధనల ప్రకారం ఊళ్లో దండోరా వేయించి, నళినితో చదివించారు.

"పచ్చిక ఎత్తు నియంత్రణ యంత్రములు కావలెను. యంత్రము రాళ్ల నడుమ, పొదల సందున తిరగగలిగినదై ఉండవలెను. గుట్ట ఎక్కవలెను, దిగవలెను. డీజిలు, కరెంటు అవసరము లేనిదై, పొగ వదలనిదై, గడ్డిని వేళ్లతో పెరకక పైభాగము మాత్రమే కోయునదై ఉండవలెను. కోసిన గడ్డిని తనలోనే నిలువ చేసుకొనవలెను..."

మాబమ్మ నెత్తిన గడ్డిమోపుతో నిలబడి అంతా విన్నది. మోపు కింద పడేసింది.

"అమ్మణ్ణీ, ఇంగొకసారి సదువు" అన్నది.

నళిని ఇంకొకసారి చదివింది. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి మాబమ్మ మొహం చూసింది. మాబమ్మ నళిని మొహం చూసింది. ఆ పిల్లే దగ్గరుండి టెండరు నింపింది.

పతంజలిరావు గారు దాన్ని చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు. "ఇవి పశువులు కదా?"

"కాదు సర్. పశువులు నిషేధం" అన్నది నళిని. "ఇవి నాలుగు కాళ్ల మీద నడిచే స్వయంచాలిత ఎత్తు నియంత్రణ యంత్రాలు. నల్లరంగు. నిబంధనలన్నీ సరిపోయాయి. ఇంకో టెండరు రాలేదు. తనిఖీ వచ్చే వారం."

ఆయన గోడ మీది క్యాలెండరు చూశారు. "నెలాఖరు" అన్నారు తనలో తాను. తర్వాత మాబమ్మ వైపు తిరిగారు. "యంత్రాలకు నంబర్లు ఉండాలి."

"కొమ్ములకు కట్టుకుంటాం సారూ."

"ద్రవాలు కారడం...?"

"ఏ మిషనుకు కారదు సారూ? మీ జీపు కింద సూడండి, నిన్నటినుంచి ఎంత నూనె కారిందో. పొద్దున లోపలికి తోలకముందే ట్యాంకి ఖాళీ చేసి తోల్తాం. ఒక్కటే మాట. మా మిషన్లకాడ ఎవురూ ఈల ఊదగూడదు. శబ్దానికి చెడిపోతాయి."

"స్వల్ప లీకేజి అనుమతించదగినదే" అని ఆయన ఫైలులో రాశారు. ఈల ఊదరాదని కూడా రాశారు. పచ్చిక మిత్రల మెడల్లో ఈలలు అట్లాగే ఉన్నాయి, ఊదకుండా కాపలా కాయడమే వాళ్ల కొత్త ఉద్యోగం.

దున్నలు కొమ్ములకు రేకు నంబర్లు కట్టుకుని బీడులోకి పోయాయి. ముదురు గడ్డిని కొరికి, తొక్కి, కొత్తచిగురు వేయించాయి. దాన్నీ మేశాయి. ఎక్కడ చూసినా నాలుగు. మచ్చలు లేవని కాదు, నళిని వాటిని "యంత్ర సంచార చిహ్నాలు" అని రాసింది. పెద్ద తనిఖీకి వచ్చినవాళ్లు గట్టు మీద గొడుగుల కింద నిలబడి చూశారు. అందులో పెద్దాయన ఒక దున్నను చూపించి, "ఏ దేశపు తయారీ?" అని అడిగాడు.

"దేశవాళీయే సర్" అన్నారు పతంజలిరావు గారు.

"భేష్" అన్నాడాయన.

దసరా వచ్చింది, పోయింది. దున్నల ఒంటి మీద నూనె రాసినట్టు మెరుపు వచ్చింది. నడుము మీద చెయ్యి వేస్తే ఎముక వెతుక్కోవాల్సిందే. సంతరోజు తెల్లవారుతూనే ఫకీరప్ప వాటి నంబర్లు విప్పి తోలుకుని బయలుదేరాడు. ఊరి పొలిమేర దగ్గర సుంకన్న అడ్డం వచ్చాడు.

"మామా, మిషన్లు ఊరు దాటగూడదంట."

ఫకీరప్ప దున్నలను అక్కడే నిలబెట్టి మాబమ్మను ఆఫీసుకు పంపాడు.

"ఒప్పందం ఏడాదికి" అన్నారు పతంజలిరావు గారు, దయగానే. "పనిచేసే యంత్రాన్ని మధ్యలో తరలించడానికి వీలులేదమ్మా. ఇంత చక్కగా పనిచేసే యంత్రాలను అసలే వదులుకోలేము. మన రాష్ట్రానికే ఆదర్శం అవి."

"ఏడాది పెట్టుకోని ఏం జేస్తారు సారూ? ఇంగ నెలపోతే బీడులో కసువుండదు. అవి ఏం తినల్ల? మేం ఏం తినల్ల?"

"వేసవిలో యంత్రాలకు విశ్రాంతి."

"ఇశ్రాంతి తీసుకుంటే సస్తాయి సారూ."

"యంత్రం చనిపోవడం అనేది..." ఆయన ఆగి, సరైన మాట వెతికి, "మార్గదర్శకాలలో లేదు" అన్నారు. "ఒకవేళ యంత్రం మరమ్మతుకు వీలులేకుండా పాడైతే మాత్రం, గుత్తేదారు దాన్ని సొంత ఖర్చుతో తక్షణం తొలగించవలెను. అది పదకొండో నిబంధన. కానీ ఇవి పాడు కాలేదు కదా. నేనే కళ్లారా చూశాను, ఎట్లా పనిచేస్తున్నాయో."

మాబమ్మ గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. "పాడైందని ఎవురు సూస్తారు సారూ?" అన్నది.

"ఇంజినీరు వచ్చి ధ్రువీకరించాలి."

ఆ సంత పోయింది. తర్వాతి సంతకు ముందురోజు, మిషన్లు ఆగిపోయాయని మాబమ్మ కబురు పెట్టగా, ఇంజినీరు వచ్చాడు. పట్నం మనిషి. మోటార్లు, పంపులు చూసిన చెయ్యి. ఆయన బీడులోకి వచ్చేసరికి పన్నెండు దున్నలూ నిగనిగలాడే లేతగడ్డి నడుమ కదలకుండా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ మేయడం లేదు. ప్రతిదాని మూతికీ తాడుతో అల్లిన చిక్కం కట్టి ఉంది, కళ్లం తొక్కేటప్పుడు గింజ తినకుండా ఎద్దుకు కట్టేలాంటిది. ఫకీరప్ప పేనిన తాడే.

"ఇదేమిటి, మూతికి?" అన్నాడు ఇంజినీరు.

"చెడిపోయిన మిషనుకు కవరు ఎయ్యకుంటే దుమ్ము పోతాది గద సారూ" అన్నది మాబమ్మ.

ఆయన తలాడించాడు. చుట్టూ తిరిగి చూశాడు. ఒకదాని డొక్క మీద తట్టి చూశాడు, మంచి శబ్దం వచ్చింది. కాళ్ల సందున వంగి చూశాడు. గడ్డి వైపు చూశాడు. దున్న కూడా గడ్డి వైపే చూసింది, ఆయనకంటే శ్రద్ధగా. నళిని పక్కన నిలబడి అట్టముక్కతో గాలి విసురుకుంటోంది.

"ఎప్పటినుంచి ఇట్లా?"

"తెల్లారినప్పటినుంచి సారూ. ఒక్క పోచ తెంచలా. సూడండి, ఎంత కసువు ముందర పెట్టుకోని ఎట్ల నిలబడినాయో" అన్నాడు ఫకీరప్ప. ఆ మాటలో అబద్ధం లేదు.

ఇంజినీరు నిలబడే రాశాడు: "పన్నెండు యంత్రములను తనిఖీ చేయడమైనది. బాహ్యముగా ఎట్టి లోపములు లేవు. బరువు సైతము పెరిగియున్నది. అయినను పనిచేయుట లేదు. లోపల ఏదో చెడిపోయినది. మరమ్మతుకు వీలుకాదు. తొలగించవలెను."

పతంజలిరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయనకు నిజంగానే బాధ వేసింది. గేటు దగ్గర నిలబడి ఒక్కొక్క దున్న దాటిపోతుంటే నంబరు చూసి టిక్కు పెట్టారు. ఆఖరుదాని నడుము మీద ఒకసారి చెయ్యి వేశారు. "మంచి యంత్రాలు" అన్నారు.

సంత దారి పదిమైళ్లు. ఫకీరప్ప ముందు, దున్నలు నడుమ, మాబమ్మ వెనక. సుంకన్న పొలిమేర దాకా వచ్చి, కాగితం చూసి, అడ్డు తప్పుకున్నాడు. మలుపు తిరిగి, పథకం బోర్డు కనపడనంత దూరం వచ్చాక, ఎవరివో చేలగట్ల మీద గరిక బాగా ఉన్నచోట మాబమ్మ మందను ఆపింది. ఒక్కొక్కదాని దగ్గరకు పోయి చిక్కం విప్పింది. ఆఖరి చిక్కం విప్పి, దాని చెవి వెనక గోకింది.

"తినండిరా" అన్నది. "ఇంగ మళ్లా మీరు గొడ్లే."

సంతకు ఇంకా ఎంతో దూరం ఉంది. వాటిని మేయనిచ్చి, ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు.